ఉప్పు యాడికి పోయింది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వృత్తి అనుభవంలోంచి ఒక విషయం చెప్పమన్నారు. నేను అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ దగ్గర, ఇళ్లలో స్విమ్మింగ్ పూల్స్ కట్టిస్తుంటాను. బేతంచెర్ల నాపరాళ్ల మధ్య పెరిగినవాణ్ని, రాయి గురించి నాకు తెలియనిదేముందిలే అనుకునేవాణ్ని. ఆ గర్వం ఎలా దిగిందో చెబుతాను.

అక్కడ చాలామంది ఉప్పునీటి పూల్ కావాలంటారు. అందులో క్లోరిన్ ఉండదనుకుంటారు. నిజానికి ఉంటుంది. లీటరు నీటికి 3, 4 గ్రాముల ఉప్పు కలుపుతాం. సముద్రంలోనైతే దాదాపు 35 గ్రాములుంటుంది. ఆ నీళ్లు కరెంటు పారే పలకల మధ్యగా పోయేటప్పుడు ఉప్పులోంచే క్లోరిన్ పుడుతుంది. క్లోరిన్ డబ్బాలు కొని తెచ్చి పోసే పని తప్పుతుంది.

ఒక పెద్దాయన ఇంట్లో అలాంటి పూల్ కట్టి, చుట్టూ అక్కడి సున్నపురాయి పరిచాను. మన నాపరాయీ సున్నపురాయే, కానీ గట్టిది. నేను పరిచింది మెత్తది, నీళ్లు పీల్చేది. మూడో వేసవికి అంచురాళ్లు పొరలుపొరలుగా లేచాయి. మనవళ్ల అరికాళ్లు గీసుకుపోతున్నాయని ఆయన ఫోన్ చేశారు. "రాయి మంచిది రాలేదండీ" అని నెపం గనివాళ్ల మీదికి తోసేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన సైన్సు సారు గుర్తొచ్చారు. గాజుపళ్లెంలో ఉప్పునీళ్లు పోసి ఎండలో పెట్టించి, నీళ్లు ఇంకిపోయాక, "నీళ్లు పోయినాయి, ఉప్పు యాడికి పోయిందిరా?" అని అడిగారు. జవాబు పళ్లెంలోనే తెల్లగా ఉంది.

రాతిలోనూ జరిగింది అదే. చిందిన నీళ్లను రాయి పీలుస్తుంది. ఎండకు నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు రంధ్రాల్లో ఉండిపోతుంది. రోజూ కాస్త కాస్త చేరి, పైపొర కింద స్ఫటికాలుగా పెరిగి, రాయిని లోపల్నుంచే పెళ్లగిస్తుంది. మన ఇళ్లలో చెమ్మగోడలకు ఉప్పు తేలి పెచ్చులూడేదీ ఇలాగే. పైగా ఈ పద్ధతిలో నీటి పీహెచ్ పెరుగుతుంటుంది. తగ్గించడానికి ఆమ్లం పోస్తారు. అది ఒలికితే సున్నపురాయిని తినేస్తుంది.

తప్పు రాయిది కాదు, గనివాళ్లదీ కాదు. ఆ చోటికి ఆ రాయిని ఎంచిన నాది. మర్నాడు వెళ్లి పెద్దాయనకు ఆ మాటే చెప్పి, నా ఖర్చుతో గ్రానైటు వేయించాను.

ఇప్పుడు ఎవరడిగినా ముందే చెబుతాను: గట్టిరాయి ఎంచుకోండి. నీళ్లు నిలవకుండా పూల్‌కు అవతలివైపు వాలు పెట్టించండి. రాతిలోకి ఇంకి, లోపలి ఆవిరిని బయటికి పోనిచ్చే పూత వేయించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఈత అయ్యాక రాళ్లను మంచినీళ్లతో కడగండి. ఇంత పనా అని కొందరు వేరే కాంట్రాక్టరు దగ్గరికి పోయారు. పోనీ.

నిన్న మన బడి వరండాలో చెప్పుల్లేకుండా నడిచాను. నాపరాళ్లు ఇంకా నున్నగా, చల్లగా ఉన్నాయి. కుళాయి దగ్గర మాత్రం గోడ అడుగున ఉప్పు తేలింది. ఉత్సవాల కోసం రంగు వేశారు గానీ, రంగు కింద ఉప్పు ఆగదు. ముందు ఆ కుళాయి కారడం ఆపి, గోడ ఆరనిచ్చి, తర్వాత గిలాబు చేయిద్దాం. ఆ ఖర్చు నాది.

సారూ, మీ ప్రశ్నకు జవాబు ఇన్నేళ్లకు అర్థమైంది. సెలవు.