అడ్రస్ రాసేయకండి, అడిగి తీసుకోండి: లైనక్స్‌లో హెచ్‌డీఎంఐ సీఈసీ సెటప్

ఈ ఎపిసోడ్‌లో మన టాపిక్ సీఈసీ, అంటే కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ కంట్రోల్. పేరు కొత్తగా అనిపించొచ్చు కానీ మీ ఇంట్లో ఇది ఆల్రెడీ ఉండే ఉంటుంది. సామ్‌సంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. పేర్లు వేరే, లోపల ఉన్నది ఒకటే. టీవీ రిమోట్‌తోనే స్ట్రీమింగ్ స్టిక్‌లో మెనూ కదులుతోందంటే, టీవీ ఆఫ్ చేస్తే సౌండ్‌బార్ కూడా ఆఫ్ అవుతోందంటే, అది సీఈసీ పనే.

మనం చూడబోయేది దీని ప్రోగ్రామర్ వైపు. రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డు మీద మీడియా బాక్స్ కడుతున్నారు, లేదా ఆఫీసులో డిస్‌ప్లే బోర్డుకి ఒక చిన్న కంప్యూటర్ పెట్టారు. టీవీని అదే ఆన్ చేయాలి, తన ఇన్‌పుట్‌కి మార్చుకోవాలి. దానికి మొదటి మెట్టు అడ్రస్. ఇది సరిగ్గా లేకపోతే తర్వాత మీరు ఎంత మంచి కోడ్ రాసినా టీవీ వినదు. ఇంకా ఘోరం ఏంటంటే, మీ టేబుల్ మీద పనిచేసి వేరేవాళ్ల ఇంట్లో పనిచేయదు.

ముందు వైర్ గురించి రెండు ముక్కలు. హెచ్‌డీఎంఐ కనెక్టర్‌లో 19 పిన్నులు ఉంటాయి. అందులో 13వ పిన్ సీఈసీ. వీడియో వేరే పిన్నుల మీద యమా స్పీడ్‌గా వెళ్తుంటే, ఈ సీఈసీ మాత్రం ఎద్దుల బండి. ఒక్కో బిట్‌కి 2.4 మిల్లీసెకన్లు. అంటే సెకనుకి దాదాపు 400 బిట్లు, అంతే. ఇంట్లో హెచ్‌డీఎంఐతో కలిసిన సీఈసీ డివైజ్‌లన్నీ ఈ ఒక్క వైర్‌నే పంచుకుంటాయి. ఒకరు మాట్లాడితే అందరికీ వినిపిస్తుంది. అలాంటప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియాలి కదా. అందుకే అడ్రస్.

ఇక్కడే చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. సీఈసీలో ఒక డివైజ్‌కి ఒక అడ్రస్ కాదు, రెండు ఉంటాయి. ఒకటి ఫిజికల్ అడ్రస్, రెండోది లాజికల్ అడ్రస్. ఫిజికల్ అడ్రస్ "నేను ఎక్కడున్నాను" అని చెప్తుంది. లాజికల్ అడ్రస్ "నేను ఎవరిని" అని చెప్తుంది.

ఫిజికల్ అడ్రస్‌ని హైదరాబాద్ డోర్ నంబర్ లాగా ఊహించుకోండి. వార్డు, బ్లాక్, ఇంటి నంబర్, ఆ తర్వాత స్లాష్ వేసి పోర్షన్. ఇక్కడ కూడా అలాగే నాలుగు అంకెలు, మధ్యలో చుక్కలు. టీవీ ఎప్పుడూ 0.0.0.0. టీవీ వెనక హెచ్‌డీఎంఐ 1లో పెట్టిన డివైజ్ 1.0.0.0. హెచ్‌డీఎంఐ 2లో పెట్టింది 2.0.0.0. ఇప్పుడు హెచ్‌డీఎంఐ 1లో ఉన్నది ఏవీ రిసీవర్ అనుకుందాం. ఆ రిసీవర్ మొదటి ఇన్‌పుట్‌లో సెట్‌టాప్ బాక్స్ ఉంటే అది 1.1.0.0. రెండో ఇన్‌పుట్‌లో మన బోర్డు ఉంటే అది 1.2.0.0. అంకెలు చదివితే చాలు, టీవీ నుంచి మన దాకా దారి తెలిసిపోతుంది.

మరి ఈ నంబర్ ఎవరు ఇస్తారు? మనం కాదు. పై మెట్టులో ఉన్న డివైజ్ ఇస్తుంది. టీవీ తన ప్రతి పోర్టుకీ ఒక ఈడిడ్ ఇస్తుంది. నేను ఏ రెజల్యూషన్లు చూపించగలను అని చెప్పే చిన్న డేటా అది. అందులోనే ఈ పోర్టు ఫిజికల్ అడ్రస్ కూడా రాసి ఉంటుంది. రిసీవర్ టీవీ నుంచి 1.0.0.0 అని చదువుకుని, తన ఇన్‌పుట్ల ఈడిడ్‌లలో 1.1.0.0, 1.2.0.0 అని రాసిపెడుతుంది. కేబుల్ పెట్టగానే మన బోర్డు ఆ ఈడిడ్ చదివి తన అడ్రస్ తెలుసుకుంటుంది. కేబుల్ లేకపోతే అడ్రస్ ఎఫ్.ఎఫ్.ఎఫ్.ఎఫ్, అంటే చెల్లదు అని అర్థం.

ఇప్పుడు లాజికల్ అడ్రస్. ఇది 0 నుంచి 15 వరకు ఒకే అంకె. వీటికి ముందే పాత్రలు కేటాయించి ఉన్నాయి. 0 టీవీ. 5 ఆడియో సిస్టమ్. 1, 2, 9 రికార్డింగ్ డివైజ్‌లు. 3, 6, 7, 10 ట్యూనర్లు. 4, 8, 11 ప్లేబ్యాక్ డివైజ్‌లు. 15కి రెండు పనులున్నాయి. అందరికీ కలిపి పంపాలంటే 15కి పంపుతాం. ఏ అడ్రసూ దొరకని డివైజ్ మాట్లాడాల్సి వస్తే తన పేరు కూడా 15 అనే చెప్పుకుంటుంది.

మన బోర్డు ప్లేబ్యాక్ డివైజ్. మరి 4 తీసుకుందామా, 8 తీసుకుందామా? బస్సులో సీటు కోసం అడిగినట్టే అడగాలి. "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని. సీఈసీలో దీన్ని పోల్ మెసేజ్ అంటారు. పంపేది 4, అందుకునేది 4 అని ఒక్క బైట్ వైర్ మీద పెడతాం. ఎవరైనా ఆల్రెడీ 4గా ఉంటే వాళ్లు అకనాలెడ్జ్ బిట్ ఇస్తారు. అప్పుడు మనం 8కి వెళ్లి మళ్లీ అడగాలి. జవాబు రాలేదంటే సీటు ఖాళీ, కూర్చోవచ్చు. ఈ ఒక్క ప్రశ్న వైర్ మీద వెళ్లడానికే సుమారు 29 మిల్లీసెకన్లు పడుతుంది. స్టార్ట్ బిట్‌కి 4.5, తర్వాత 10 బిట్లకి 24. అడిగే ముందు లైన్ ఖాళీ అయ్యేదాకా ఆగే టైమ్ దీనికి అదనం. కాబట్టి అడ్రస్ దొరకడం అనేది క్షణంలో అయ్యే పని కాదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, కోడ్‌లో మళ్లీ వస్తుంది.

సరే, లైనక్స్‌లోకి వద్దాం. కెర్నల్‌లో సీఈసీ ఫ్రేమ్‌వర్క్ రాసింది హాన్స్ వెర్కౌల్. 2016లో 4.8 వెర్షన్‌లో స్టేజింగ్‌లోకి వచ్చింది, 4.10 నుంచి మెయిన్ కెర్నల్‌లో భాగం. అంతకుముందు ఒక్కో బోర్డుకి ఒక్కో పద్ధతి. ఇప్పుడు ఏ హార్డ్‌వేర్ అయినా మనకి కనిపించేది ఒక డివైజ్ ఫైల్: స్లాష్ డెవ్ స్లాష్ సీఈసీ 0. రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు ఉంటే సీఈసీ 1 కూడా ఉంటుంది. ఆ ఫైల్ ఓపెన్ చేసి ఐఓసీటీఎల్ కాల్స్ చేయడమే.

మొదటి కాల్ కేపబిలిటీస్ అడగడం. ఈ అడాప్టర్‌కి ఏం చేతనవును, ఎన్ని లాజికల్ అడ్రస్‌లు ఒకేసారి పెట్టుకోగలదు అని తెలుస్తుంది. ఇందులో ఫిజికల్ అడ్రస్ అనే ఫ్లాగ్ ముఖ్యం. ఆ ఫ్లాగ్ లేకపోతే ఫిజికల్ అడ్రస్ డ్రైవరే ఈడిడ్ నుంచి చూసుకుంటుంది, మనం వేలు పెట్టక్కర్లేదు. ఆ ఫ్లాగ్ ఉంటే మాత్రం మనమే సెట్ చేయాలి. యూఎస్‌బీలో పెట్టుకునే సీఈసీ అడాప్టర్లలో ఇది చూస్తాం, ఎందుకంటే అవి వీడియో కార్డుతో కలిసి లేవు, వాటంతట అవి ఈడిడ్ చూడలేవు.

ఇక్కడ తొందరపడి కోడ్‌లో 1.0.0.0 అని రాసేస్తే ఏమవుతుందో చూడండి. మన బాక్స్ నిజానికి హెచ్‌డీఎంఐ 2లో ఉంది. సినిమా పెట్టగానే "నేను యాక్టివ్ సోర్స్, నా అడ్రస్ 1.0.0.0" అని అందరికీ మెసేజ్ పంపుతుంది. టీవీ పాపం నమ్ముతుంది. హెచ్‌డీఎంఐ 1కి మారిపోతుంది. అక్కడ ఏమీ లేదు, నల్లటి స్క్రీన్. ఇంట్లో అమ్మమ్మ ఒక్క బటన్ నొక్కింది, బొమ్మ మాయమైంది. ఆవిడకి సోర్స్ బటన్ ఎక్కడుందో ఎవరు చెప్పాలి? కాబట్టి ఆ అడ్రస్‌ని ఈడిడ్ నుంచే చదివి ఇవ్వండి. సీఈసీ-సీటీఎల్ అనే టూల్‌లో ఈడిడ్ ఫైల్ దారి ఇస్తే అదే చదువుకుంటుంది.

రెండో కాల్ లాజికల్ అడ్రస్‌లు సెట్ చేసేది. పేరు పొడుగ్గా ఉంటుంది, భయపడకండి. మధ్యలో ఎస్ ఉంటే సెట్, జీ ఉంటే గెట్, లాగ్ అంటే లాజికల్. దీనికి ఒక స్ట్రక్చర్ నింపి ఇవ్వాలి. ఎన్ని అడ్రస్‌లు కావాలి: 1. సీఈసీ వెర్షన్: 1.4 లేదా 2.0. ప్రైమరీ డివైజ్ టైప్: ప్లేబ్యాక్. లాజికల్ అడ్రస్ టైప్: ప్లేబ్యాక్. టీవీ మెనూలో కనిపించే పేరు: 14 అక్షరాలు దాటకూడదు, అది కూడా ఇంగ్లిష్ అక్షరాలే. తెలుగులో పేరు పెట్టుకుందామంటే ఈ ప్రోటోకాల్‌లో కుదరదు.

గమనించారా? ఇందులో ఎక్కడా 4 అని గానీ 8 అని గానీ మనం రాయలేదు. టైప్ మాత్రమే చెప్పాం. నంబర్ వెతికే పని, పోల్ చేసే పని కెర్నల్‌ది. దొరికాక "నా ఫిజికల్ అడ్రస్ ఇది" అని అందరికీ ప్రకటించే పని కూడా కెర్నల్‌దే. ఏ నంబర్ దొరికిందో అదే స్ట్రక్చర్‌లో తిరిగి వస్తుంది. ఈ ఇంటర్‌ఫేస్ మొత్తానికి ప్రాణం ఇదే.

మరి 4 అని ఫిక్స్ అయిపోతే తప్పేంటి? మీ టేబుల్ మీద టీవీ, బోర్డు రెండే ఉన్నాయి కాబట్టి ప్రతిసారీ 4 వస్తుంది. మనం ఇందాక చెప్పుకున్న ఇంట్లో హెచ్‌డీఎంఐ 2లో స్ట్రీమింగ్ స్టిక్ కూడా ఉందనుకోండి. అదీ ప్లేబ్యాకే, ముందే 4లో కూర్చుంది. మన బోర్డుకి 8 వచ్చింది. మీ కోడ్ మాత్రం 4 పేరుతో మెసేజ్ పంపాలని చూస్తుంది. అది మన అడ్రస్ కాదు కాబట్టి కెర్నల్ పంపనివ్వదు. డెవలపర్ దగ్గర పర్ఫెక్ట్, కస్టమర్ దగ్గర డెడ్.

ఇంకో గోతి. ఈ కాల్ 0 రిటర్న్ చేసింది, సక్సెస్ అనుకుంటాం. కానీ 0 అంటే రిక్వెస్ట్ తీసుకున్నాను అని మాత్రమే, అడ్రస్ దొరికింది అని కాదు. ఫైల్‌ని నాన్-బ్లాకింగ్ మోడ్‌లో ఓపెన్ చేస్తే పోలింగ్ అవ్వకముందే 0 వచ్చేస్తుంది. కేబుల్ లేకపోయినా 0 వస్తుంది, కెర్నల్ మీ కోరికను దాచుకుని కేబుల్ వచ్చాక మొదలుపెడుతుంది. సీఈసీ 1.4లో 4, 8, 11 మూడూ నిండిపోయి ఉంటే అసలు అడ్రసే దొరకదు. కాబట్టి లాజికల్ అడ్రస్ మాస్క్ అనే ఫీల్డ్ చూడండి. అది 0 అయితే మీకు అడ్రస్ లేనట్టే. సీటు దొరక్కపోయినా 15గా నిలబడటానికి ఒప్పుకుంటే దానికి వేరే ఫ్లాగ్ ఉంది, మీరే పెట్టాలి.

బిజీ అనే ఎర్రర్ వస్తే కంగారు పడకండి. చాలాసార్లు ఆల్రెడీ ఎవరో అడ్రస్ సెట్ చేశారని అర్థం. బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే మీడియా ప్లేయర్ కావొచ్చు. సెట్ చేసిన ప్రోగ్రామ్ మూసేసినా అడ్రస్ అడాప్టర్‌లో అలాగే ఉంటుంది. అడ్రస్‌ల సంఖ్య 0 అని పంపితే పాతది చెరిగిపోతుంది, అప్పుడు కొత్తది సెట్ చేసుకోవచ్చు.

చివరిది, అందరూ వదిలేసేది. అడ్రస్ శాశ్వతం కాదు. ఎవరో దుమ్ము దులుపుతూ కేబుల్ పీకి పక్క పోర్టులో పెట్టారు. ఫిజికల్ అడ్రస్ మారిపోయింది. కొన్ని టీవీలైతే స్టాండ్‌బైకి వెళ్లగానే హాట్‌ప్లగ్ సిగ్నల్ తీసేస్తాయి, మనకి కేబుల్ పీకినట్టే కనిపిస్తుంది. ఇలాంటి మార్పు జరిగినప్పుడల్లా కెర్నల్ స్టేట్ చేంజ్ అనే ఈవెంట్ పంపుతుంది. కొత్త ఫిజికల్ అడ్రస్, కొత్త మాస్క్ రెండూ అందులోనే ఉంటాయి. కేబుల్ తిరిగి వస్తే లాజికల్ అడ్రస్ కోసం పోలింగ్ కూడా కెర్నలే మళ్లీ చేస్తుంది. మన పని ఆ ఈవెంట్ విని, మన దగ్గర దాచుకున్న పాత అడ్రస్‌ని పారేసి కొత్తది రాసుకోవడం. స్టార్టింగ్‌లో ఒక్కసారి చదివి వేరియబుల్‌లో పెట్టుకుంటే సరిపోదు.

ఇదంతా ట్రై చేయడానికి కోడ్ రాయక్కర్లేదు. వీ4ఎల్-యుటిల్స్ ప్యాకేజీలో సీఈసీ-సీటీఎల్ ఉంది. డాష్ డాష్ ప్లేబ్యాక్ అని ఇస్తే అడ్రస్ అడిగి తెస్తుంది. డాష్ పెద్ద ఎస్ ఇస్తే ఇంట్లో ఎవరెవరు ఏ అడ్రస్‌లో ఉన్నారో చూపిస్తుంది. సీఈసీ ఉన్న టీవీ లేకపోయినా పర్లేదు, కెర్నల్‌లో వివిడ్ అనే వర్చువల్ డ్రైవర్ ఉంది, దాంట్లో ఉత్తుత్తి సీఈసీ అడాప్టర్లు వస్తాయి. హాస్టల్ రూమ్‌లో ల్యాప్‌టాప్ మీదే నేర్చుకోవచ్చు.

ఒక హోమ్‌వర్క్ ఇస్తాను. డాష్ పెద్ద ఎస్ అవుట్‌పుట్ ఒక కాగితం మీద రాసుకోండి. కేబుల్ తీసి వేరే పోర్టులో పెట్టండి. మళ్లీ రన్ చేయండి. ఏ అడ్రస్ మారింది, ఏది మారలేదు, ఎందుకు? దీనికి మీరే జవాబు చెప్పగలిగితే ఈ టాపిక్ మీకు వచ్చేసినట్టే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఇదే అడ్రస్‌తో టీవీని నిద్ర లేపడం చూద్దాం.