గాలిని పీల్చు రాకెట్టు

ఏటి గట్టు వెంబడి నడచువాడు నీళ్లకుండను నెత్తిన మోసికొని పోడు. రాకెట్టు మాత్రము అట్లే చేయుచున్నది. ఇంధనము మండుటకు ప్రాణవాయువు కావలెను. ఉదజనిని మండించు రాకెట్టు, కిలోగ్రాము ఉదజనికి ఐదారు కిలోగ్రాముల ద్రవ ప్రాణవాయువును వెంట గొనిపోవును. బయలుదేరిన చోట చుట్టును గాలియే యున్నది గదా! ఆ గాలినే పీల్చుకొని, విమానమువలె లేచి, కక్ష్యను చేరి, మరల నేలకు దిగి, మరునాడు మరల ఎగురు వాహనమును ఏల నిర్మింపరాదు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో బ్రిటిషు ఇంజనీరు ఆలన్ బాండ్ ముఖ్యుడు. 1980 దశకమున హోటాల్ అను వ్యోమవిమానమునకు ఆయన ఊహించిన యంత్రమే ఆధారము. 1988లో ప్రభుత్వము ధనసహాయమును నిలిపివేసినది. మరుసటి సంవత్సరమే ఆయన ఇరువురు సహచరులతో గూడి రియాక్షన్ ఇంజన్స్ అను సంస్థను స్థాపించెను. స్కైలాన్ అను విమానము, దానిని నడుపుటకు సేబర్ అను యంత్రము వారి సంకల్పము. దాదాపు 25 కిలోమీటర్ల ఎత్తు వరకు ఆ యంత్రము గాలిని పీల్చును. గాలి పలుచబడిన పిదప ద్వారము మూసికొని, వెంట తెచ్చిన ప్రాణవాయువుతో రాకెట్టుగా మారును.

చిక్కెక్కడ? ధ్వనికి ఐదింతల వేగమున లోనికి వచ్చు గాలి 1000 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాగును. దానిని నొక్కి దట్టము చేయుటకు ముందు చల్లార్పవలెను. వేలకొలది సన్నని గొట్టములలో చల్లని హీలియమును ప్రవహింపజేసి, సెకనులో ఇరువదవ వంతు కాలమున చల్లార్చుట వారి ఉపాయము. అంత చలికి గాలిలోని తేమ మంచుగా గట్టిపడి గొట్టముల సందులను పూడ్చును. 2012 నాటికి ఆ చిక్కును దాటి, గాలిని సున్నకు దిగువ 150 డిగ్రీల వరకు చల్లార్చి చూపిరి. 2019లో అమెరికాలోని కొలరాడోలో 1000 డిగ్రీల వేడికిని ఆ గొట్టములు తట్టుకొన్నవి.

కాని సంపూర్ణమైన సేబర్ యంత్రము ఒక్కసారియు నడువలేదు. స్కైలాన్ కాగితమును దాటలేదు. 2015 నుండి అమెరికాలో, ప్రాణవాయువును మోసికొనిపోయిన రాకెట్లే మొదటి భాగమును నిలువునా దింపి మరల వాడుకొనుట నేర్చినవి. కుండ మోసినవాడే ముందు ఇల్లు చేరెను. 2024 అక్టోబరులో ధనము చాలక ఆ సంస్థ మూతపడినది.

ముప్పదియైదేండ్ల శ్రమ వ్యర్థమని మనమందుమా? వారిని ఆపినది ధనాభావమే కాని ప్రకృతి నియమము కాదు. అతి కఠినమని తోచిన మెట్టును వారు ఎక్కి చూపిరి. తక్కిన మెట్లు ఎక్కువారికి ఆ మెట్టు నిలిచియే యున్నదని మేము తలంచుచున్నాము.