సాంచాల హోరులో ఇయర్‌ఫోన్ వద్దు

(షోలాపురం పవర్‌లూమ్ కార్మికుల గేటు సభలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల గురించి, బోనస్ గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈ రోజు చెవి గురించి మాట్లాడదలచుకున్నాం. మన కార్ఖానాల్లో కుర్రవాళ్లు చాలామంది చెవి రంధ్రంలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లతోనే పాళీ అంతా గడుపుతున్నారు. పాటకు మేం శత్రువులం కాము. గంటల తరబడి సాంచాల మధ్య నిలబడి తెగిన పోగులు అతికేవాడికి పాట ఒక తోడు. కాని ఆ తోడుకు మనం చెల్లిస్తున్న ధర ఎంతో తెలుసుకోవాలి.

షటిల్ సాంచాలు నడిచే షెడ్డులో శబ్దం మామూలుగానే 90 డెసిబెల్స్ దాటుతుంది. ఆ హోరులో పాట వినపడాలంటే దాన్ని హోరును మించి పెంచాలి. "ఇయర్‌ఫోన్ పెడితే సాంచా చప్పుడు తగ్గుతుంది గదా" అని కొందరు అంటున్నారు. బయటి చప్పుడు కొంత తగ్గవచ్చు. కాని కర్ణభేరికి దగ్గరగా మరో చప్పుడు మోగుతున్నది. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే. ఆ వారం కోటా మనకు ఒక్క పూటలో అయిపోతున్నది.

లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 16 వేలు ఉంటాయి. చచ్చినవి మళ్లీ పుట్టవు. నొప్పి తెలియదు. మొదట్లో పాళీ దిగాక చెవిలో గుయ్‌మంటుంది, తెల్లవారేసరికి పోతుంది. కొన్నాళ్లకు అది పోదు. ముందుగా పోయేది సన్నని ధ్వనులు. పిల్లలు పిలిచినట్టు వినపడుతుంది, ఏమన్నారో అర్థం కాదు.

దూది నుసి, చెమట పట్టిన ఇయర్‌ఫోన్ గులిమిని లోపలికి నెడుతుంది. ఒకరిది మరొకరు పెట్టుకుంటే చీము, దురద కూడా అంటుకోవచ్చు. పక్క సాంచా దగ్గర ప్రమాదం జరిగి కేక వేసినా వినపడదు.

ఇంకొక మాట. శబ్దం వల్ల వచ్చే చెవుడును 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు వృత్తి వ్యాధుల్లో చేర్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ కూడా దాన్ని ఆ జాబితాలో ఉంచింది. రేపు మనం పరిహారం అడిగితే యజమాని ఏమంటాడు? "నా సాంచా వల్ల కాదు, నీ ఫోను వల్ల" అంటాడు. ఆ సాకు మన చేతులతో మనమే అందించవద్దు. కుర్రవాళ్ల ఫోన్ల మీద నెపం వేసి షెడ్డు శబ్దాన్ని దాచిపెడితే మేం ఊరుకోం.

కనుక షెడ్డులో ఇయర్‌ఫోన్ తీసివేద్దాం. బయట వినేటప్పుడు సగం ధ్వనికి మించి పెంచవద్దు. చెవిలో మోత ఆగకపోతే అగ్గిపుల్లలు, పిన్నులు పెట్టకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి, ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారు ఆ ఆస్పత్రిలో పరీక్ష చేయించుకుని కాగితాలు దాచుకోవాలి.

యాజమాన్యాలను మనం అడిగేవి మూడు: ప్రతి కార్మికునికి చెవిరక్షణ సాధనం, అరిగిన భాగాలు మార్చి సాంచాల చప్పుడు తగ్గించడం, ఏటా యజమాని ఖర్చుతో వినికిడి పరీక్ష.

సాంచా పాడయితే కొత్త భాగం బజారులో దొరుకుతుంది. చెవికి దొరకదు. కాపాడుకుందాం!