మార్జిన్ అంటే ఖాళీ జాగా కాదు

ఈ ఎపిసోడ్ ఒక అప్లికేషన్ ఫారం వల్ల పుట్టింది.

మొన్న ఊరికెళ్లినప్పుడు మా నాన్న కోసం ఫోన్‌లో ఒక ఫారం నింపుతున్నాను. అంతా ఇంగ్లీషే. ఒకచోట, మీరు ఏ రకం రైతు అని అడిగింది. నొక్కితే నాలుగు మాటలు వచ్చాయి. మాకున్నది రెండెకరాల పది గుంటలు కాబట్టి 'మార్జినల్ ఫార్మర్' ఎంచుకున్నాను. నాన్న పక్కనుంచి చూసి "అంటే ఏందిరా?" అన్నాడు. నేను ఆలోచించకుండా "అంచున ఉన్న రైతు అని, నాన్నా" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఎవని అంచున?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే ఇన్ని సంగతులు దొరికాయి.

ముందు నా తప్పు దిద్దుకుంటాను. ప్రభుత్వ లెక్కలో మార్జినల్ ఫార్మర్ అంటే హెక్టారు లోపు, అంటే దాదాపు రెండున్నర ఎకరాల లోపు సాగుచేసే రైతు. ఒకటి నుంచి రెండు హెక్టార్లైతే స్మాల్ ఫార్మర్. తెలుగులో వీళ్లకి మంచి పేర్లే ఉన్నాయి: సన్నకారు రైతు, చిన్నకారు రైతు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో సుమారు 86 శాతం ఈ రెండు రకాలవే. నూటికి ఎనభై ఆరు మంది అంచున ఉన్నారంటే, మధ్యలో ఉన్నదెవరు? నాన్న ప్రశ్న చిన్నదేం కాదు.

ఇప్పుడు మాట సంగతి. మార్జిన్ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ 'మార్గో' అంటే అంచు, హద్దు. ఇంగ్లీషులో 'మార్క్' అనే మాట ఉంది కదా, దానికి కూడా మొదట్లో హద్దు అనే అర్థం ఉండేది. తర్వాత హద్దు మీద పెట్టే గుర్తుకి ఆ పేరు వచ్చింది. ఆ తర్వాత ఏ గుర్తయినా మార్కే. ఈ రెండు మాటలూ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే మీ పరీక్ష పేపర్లో మార్జిన్ గీతా, ఆ మార్జిన్‌లో సార్ వేసే మార్కులూ చుట్టాలన్నమాట!

ఈ కుటుంబంలో ఇంకొందరున్నారు. డెన్మార్క్ పేరు చివరున్న మార్క్ అంటే సరిహద్దు నేల. యూరప్‌లో 'మార్క్విస్' అనే బిరుదు వినే ఉంటారు. మొదట్లో ఆయన సరిహద్దు ప్రాంతాన్ని కాపాడే పాలకుడు. తర్వాత ఆ బిరుదు కౌంట్ కన్నా పై హోదా అయింది. ఆ రోజుల్లో అంచున ఉండటమంటే చిన్నతనం కాదు, పెద్ద బాధ్యత.

ఇంగ్లీషులో అంచుకి మాటలు చాలా ఉన్నాయి. ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తుంటాం. కానీ ఒక్కోదాని వెనక ఒక్కో బొమ్మ ఉంది. ఆ బొమ్మ తెలిస్తే ఎక్కడ ఏది వాడాలో బట్టీ పట్టక్కర్లేదు.

'ఎడ్జ్' తీసుకోండి. పాత ఇంగ్లీషులో అది కత్తి పదునున్న వైపు. యాసిడ్, అక్యూట్ అనే మాటల మూలం కూడా అదే: పదును. అందుకే పోటీలో ఒకడు ముందుంటే అతనికి ఎడ్జ్ ఉంది అంటారు. ఒక సరదా సంగతి. ఎవరినైనా రెచ్చగొట్టడాన్ని ఇంగ్లీషులో 'ఎగ్ ఆన్' అంటారు. ఆ ఎగ్‌కి కోడిగుడ్డుతో సంబంధం లేదు. అది స్కాండినేవియా నుంచి వచ్చిన, ఎడ్జ్‌కి చుట్టమైన మాట. పదును పెట్టడమే!

'వెర్జ్' కథ వేరు. లాటిన్‌లో 'విర్గా' అంటే కర్ర, బెత్తం. ఇంగ్లండ్‌లో రాజుగారి ఇంటి అధికారి చేతిలో అధికారానికి గుర్తుగా ఒక దండం ఉండేది. రాజు ఎక్కడుంటే ఆ చుట్టూ 12 మైళ్ల వరకు ఆ దండం అధికారం నడిచేది. ఆ ప్రాంతాన్నే వెర్జ్ అన్నారు. క్రమంగా ఆ ప్రాంతపు హద్దుకీ, తర్వాత ఏ అంచుకైనా ఆ పేరు వచ్చింది. ఇప్పుడు 'ఆన్ ద వెర్జ్' అంటే, ఇంకొక్క అడుగు వేస్తే అవతలి సంగతి మొదలవుతుందని. ఏడుపు అయినా సరే, గెలుపు అయినా సరే.

'బ్రింక్' అలా కాదు. దాని వెనక నిటారుగా దిగే గట్టు ఉంది. కాలు జారితే కిందికే. అందుకే ఎక్కువగా యుద్ధం, దివాలా, పతనం లాంటి వాటి పక్కనే కనిపిస్తుంది. 1956లో అమెరికా విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్ విధానాన్ని విమర్శించేటప్పుడు 'బ్రింక్‌మన్‌షిప్' అనే మాట వాడుకలోకి వచ్చింది. యుద్ధం అంచుదాకా వెళ్లి ఎదుటివాణ్ని భయపెట్టే రాజకీయమని అర్థం.

'ఫ్రింజ్' అంటే కుచ్చులు. చీర కొంగుకి వేలాడే దారాల్లాంటివి. 1947లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పెద్ద కళా ఉత్సవం పెట్టారు. పిలవకపోయినా ఎనిమిది నాటక బృందాలు వచ్చి, ఊళ్లో వేరే చోట్ల వాళ్ల నాటకాలు వాళ్లు ఆడుకున్నారు. అలాంటి ప్రదర్శనలకు తర్వాత ఫ్రింజ్ అనే పేరు పడింది. ఇప్పుడు ఆ ఫ్రింజ్ ప్రపంచంలోని అతి పెద్ద కళా ఉత్సవాల్లో ఒకటి. అసలు ఉత్సవం కన్నా కుచ్చులే పెద్దవయ్యాయి!

మళ్లీ మార్జిన్ దగ్గరికొద్దాం. పుస్తకంలో మార్జిన్ ఎందుకు? వేళ్లు ఆనేది అక్కడే, ముందుగా నలిగేదీ, చిరిగేదీ అక్కడే. అది దెబ్బ తింటుంది కాబట్టే మధ్యలో ఉన్న అక్షరం బతుకుతుంది. మన తాటాకు గ్రంథాల్లో కూడా తాడు దూర్చే రంధ్రం చుట్టూ కాస్త జాగా వదిలి రాసేవారు. ఆ వదిలిన జాగాలో ఒక్కోసారి చరిత్రే పుడుతుంది. 1637 ప్రాంతంలో ఫెర్మా అనే ఫ్రెంచి గణిత పండితుడు తను చదువుతున్న పుస్తకం మార్జిన్‌లో ఒక సిద్ధాంతం రాసుకుని, దీనికి రుజువు నా దగ్గరుంది గానీ ఈ మార్జిన్ సరిపోదని ముగించాడు. ఆ రుజువు కోసం లోకం మూడున్నర శతాబ్దాలు తలపట్టుకుంది. చివరికి ఆండ్రూ వైల్స్ సాధించిన రుజువు 1995లో అచ్చయింది.

మరి ఇంత గౌరవమున్న మాట మనుషుల విషయంలో అంత చిన్నదెలా అయింది? 'మార్జినలైజ్' అంటే పంతొమ్మిదో శతాబ్దంలో మార్జిన్‌లో నోట్స్ రాయడమే. 1928లో రాబర్ట్ పార్క్ అనే అమెరికన్ సామాజికవేత్త, రెండు సంస్కృతుల మధ్య నలిగే మనిషిని 'మార్జినల్ మ్యాన్' అన్నాడు. ఆ శతాబ్దంలోనే మార్జినలైజ్ అంటే మనుషుల్ని పక్కకు నెట్టడం అనే అర్థం స్థిరపడింది. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. 'మార్జినలైజ్డ్' అన్నప్పుడు నెట్టబడినవాళ్లు కనిపిస్తారు, నెట్టినవాళ్లు కనపడరు. ఇకమీద వార్తల్లో ఆ మాట కనిపిస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: నెట్టిందెవరు? మా నాన్న అడిగింది కూడా అదేననిపిస్తుంది.

ఇదంతా చదివాక నాన్నకి ఫోన్ చేశాను. "నాన్నా, నేను చెప్పింది తప్పు, దాన్ని సన్నకారు రైతు అంటారు" అన్నాను. మార్క్, మార్జిన్, సరిహద్దు కాపలా, అన్నీ చెప్పాను. అంతా విని ఆయన అన్నాడు: "అంచంటే ఏమనుకున్నవ్‌రా? గట్టు లేకుంటే మడిల నీళ్లెట్ల నిలుస్తయి?"

నేను వారం రోజులు వెతికింది ఆయనకి రోజూ కాలి కిందే ఉంది.

మీరూ ఒక పని చేయండి. గట్టు, ఒడ్డు, హద్దు, గడప, పొలిమేర... అంచుకి మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇంకేం మాటలు వాడతారో అడిగి ఫోన్‌లో రాసిపెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.