పెద్దల కథకు తెలుగు పలుకు

(బెంగళూరులో సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడబోయే విషయం వినగానే హోసూరు, కోలారు, హిందూపురం వైపుల నుండి వచ్చిన పెద్దలలో కొందరు నొసలు ముడిచారు. కంప్యూటరులో ఆడే కథల ఆటలు, అందునా పెద్దల కోసం రాసినవి. అమ్మనుడి ఉద్యమానికి వాటితో ఏమి పని అని వారి సందేహం. పని ఉంది. మన పిల్లలకు తెలుగు ఎంత వయసు దాకా తోడు వస్తున్నది అన్న ప్రశ్న ఇందులో ఉంది.

సరిహద్దు జిల్లాలలో మన పిల్లవాడు బడిలో తమిళమో కన్నడమో ఇంగ్లీషో చదువుతాడు. తెలుగు అవ్వ ఒడిలో వింటాడు. అన్నం తినమని పిలిచే తెలుగు, నిద్రపుచ్చే తెలుగు, గుడిలో దండం పెట్టించే తెలుగు వాడికి వస్తుంది. పదహారు, పదిహేడు ఏళ్లు దాటి, మనసు తెరవాలన్నా, అలగాలన్నా, ఒకరిని కాదనాలన్నా వాడి నోట తెలుగు ఆగిపోతుంది. ఆ మాటలను వాడు ఇంగ్లీషు సినిమాలలోనూ ఇంగ్లీషు ఆటలలోనూ నేర్చుకొంటున్నాడు. వాడి తెలుగు పదేళ్ల వయసు దగ్గరే నిలిచిపోయింది.

ఇక ఆ ఆటల సంగతి. వీటిని విజువల్ నావెల్ అంటారు; మనం దృశ్య నవల అనుకొందాం. తెర మీద ఒక ఇల్లో వీధో కనబడుతుంది. దాని ముందు ఒక మనిషి బొమ్మ. కింద ఆ మనిషి మాటలు. చదువుతూ పోతాం. ఒకచోట కథ ఆగి, ఇప్పుడు నీవేమి బదులు చెబుతావని రెండు మూడు దారులు చూపుతుంది. ఎంచుకొన్నదానిని బట్టి కథ మారుతుంది. జపానులో పుట్టిన ప్రక్రియ ఇది; 1996లో లీఫ్ అనే సంస్థ తన కథల వరుసకు ఈ పేరు పెట్టుకొన్నది. వీటిలో పిల్లలవి ఉన్నాయి, పద్దెనిమిదేళ్లు నిండినవారికి మాత్రమే అమ్మేవీ ఉన్నాయి. రెండవ రకంలో చెత్త చాలా ఉందని ముందే ఒప్పుకొంటాను. బొమ్మ మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు మాట మీద పెట్టనివి కోకొల్లలు. అయితే లీఫ్ వారిదే ఉతావరెరుమోనో అనే ఆట 2002లో పెద్దలకు మాత్రమే అని వచ్చింది. 2006లో ఆ దృశ్యాలు తీసివేసి మరల విడుదల చేస్తే అప్పుడూ జనం ఆదరించారు, దానికి తరువాయి భాగాలూ వచ్చాయి. దాచవలసిన దృశ్యం పోయినా మనుషులు మిగిలారన్నమాట.

కథను నడుమ ఆపి, ఇప్పుడేమి చేయాలో చెప్పమనడం జపాను వారి సొత్తేమీ కాదు. శుకసప్తతి కథల పద్ధతి అదే. భర్త ఊరిలో లేనప్పుడు గడప దాటబోయే ఇల్లాలిని ఒక చిలుక కథలతో ఆపుతుంది. కథలోని స్త్రీ చిక్కులో పడిన చోట ఆగి, ఆమె ఎట్లా తప్పించుకొన్నదో చెప్పి కదలమని అడుగుతుంది. దానిని తెలుగు కావ్యంగా మలచినవాడు కదిరి సీమకు చెందిన పాలవేకరి కదిరీపతి. మీలో చాలామంది ఊళ్లకు కూతవేటు దూరం. అది పెద్దల కథే. ఆనాటి తెలుగు ఇంటి వంట, కట్టు, తగవు, బేరం తెలుసుకోవాలనుకొనే పరిశోధకులు ఇప్పటికీ ఆ కావ్యాన్ని తిరగవేస్తారు. హంసవింశతి సంగతీ ఇంతే. అయ్యలరాజు నారాయణామాత్యుడు అందులో వృత్తుల పేర్లు, పిల్లల ఆటల పేర్లు కుప్పలుగా పోశాడు. శృంగార కథ అని పక్కన పెట్టి ఉంటే ఆ మాటలు మనకు దక్కేవి కావు.

పాత్రను మలచడం గురించి ఒక మాట. ఈ ఆటలు రాసేవారికి కొన్ని తయారు మూసలు ఉన్నాయి. పైకి కసురుతూ లోపల ప్రేమించే అమ్మాయి ఒక మూస. జపానువారు త్సుందెరె అంటారు. మూసగా రాస్తే మొదటి నుండి చివరి దాకా ఆమె అట్లాగే కసురుతుంది. మన అలంకార శాస్త్రంలో ఎనిమిది రకాల నాయికలు ఉన్నారు కదా, అవీ మూసలే కదా అని ఒక యువ మిత్రుడు నన్ను అడిగాడు. కావు. వాసకసజ్జిక, ఖండిత, కలహాంతరిత అన్నవి స్వభావాల పేర్లు కావు, అవస్థల పేర్లు. సాయంత్రం ఇల్లు సింగారించి ఎదురుచూసిన స్త్రీయే, తెల్లవారి అతడు వేరొకతె గుర్తులతో వస్తే ఖండిత. కోపించి పంపివేసి, తరువాత ఎందుకన్నానా అని కుమిలితే కలహాంతరిత. ఒకే మనిషి అన్ని మెట్లూ ఎక్కి దిగుతుంది. దారులు చీలే కథ రాసేవారికి ఇంతకన్న పనికివచ్చే పటం మరొకటి నాకు కనబడలేదు.

దృశ్య నవలలో వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ. పాత్ర అంతా పలుకులోనే ఉండాలి. కన్యాశుల్కంలో మధురవాణిని తలచుకోండి. గిరీశంతో ఒక తీరు, రామప్పపంతులుతో ఒక తీరు, సౌజన్యారావు పంతులుతో మరొక తీరు మాట్లాడుతుంది; అయినా ఆమె ఒక్కతే అని మనకు తెలుస్తూనే ఉంటుంది. వేశ్య పాత్ర అయినా రచయిత ఆమె ఒంటి మీద చూపు నిలపలేదు, ఆమె తెలివి మీద నిలిపాడు.

ఇక్కడ మన నుడికి ఉన్న బలం చూడండి. ఇంగ్లీషులో ఎదుటివారు ఎవరైనా పిలుపు ఒకటే. తెలుగులో ఇద్దరు పెద్దవాళ్ల నడుమ మీరు అన్నది ఏనాడు నువ్వు అయినదో అది ఒక సంఘటన. ఎవరు ముందు అన్నారు, అన్న తరువాత రెండవవారు బదులుగా ఏమన్నారు, కోపం వచ్చినప్పుడు మళ్లీ మీరుకు మళ్లారా - ఇందులోనే ఒక ఘట్టమంతా నడపవచ్చు. చేతులు కలిపిన దృశ్యం కూడా అక్కరలేదు. బావా అనే పిలుపులో ఎంత చనువు, ఎంత ఎత్తిపొడుపు పడుతుందో మీ ఇళ్లలో వదినా మరదళ్లకు తెలుసు. మన సీమలో "ఏమప్పా, ఎప్పుడొస్తివి?" అన్న పలకరింపును పుస్తకపు తెలుగులోకి మార్చి పాత్ర చేత పలికిస్తే ఆ మనిషి అక్కడే చచ్చిపోతాడు. ఆట రాసే పిల్లలు తమ యాసను దిద్దుకోనక్కరలేదు. విజయవాడ తెలుగు రాదని సిగ్గుపడనూ అక్కరలేదు.

మరి ఈ పిల్లలు ఎందుకు రాయడం లేదు? ఒక కారణం ఈ ఊరి కొలువే. ధ్రువ ఇంటరాక్టివ్ సంస్థ 1997లో బెంగళూరులో మొదలైనప్పటి నుండి ఆటల బొమ్మలు గీసే నైపుణ్యం ఇక్కడ పెరిగింది. 2019లో ఆ సంస్థను రాక్‌స్టార్ గేమ్స్ కొన్నది. గీసినవి చాలావరకు పరదేశపు ఆటలకు. మన చేయి బొమ్మ గీసింది, మాట పరాయివాడు రాశాడు.

రెండవ కారణం లిపి. ఈ కథలు కూర్చడానికి రెన్‌పై అనే ఉచిత సాధనం 2004 నుండి ఉంది. ఒక్క మనిషి ఇంట్లో కూర్చుని ఆట తయారు చేయగలడు. తెలుగులో అక్షరం కింద ఒత్తు, పైన గుణింతపు గుర్తు కుదురుగా కూర్చోవాలంటే అక్షరాలను అల్లే ప్రత్యేక ఏర్పాటు కావాలి. భారతీయ లిపులకు అవసరమైన ఆ ఏర్పాటు అందులోకి 2023లో, 8.1 సంచికతో వచ్చింది. అంటే పందొమ్మిదేళ్లు. మనలో ఎవరూ గట్టిగా అడగలేదు, అదే నా బాధ. ఇప్పుడు ఆ సాకు లేదు.

మూడవది సిగ్గు. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

తంజావూరు ప్రతాపసింహుని కాలంలో, పద్దెనిమిదవ శతాబ్దంలో, ముద్దుపళని రాధికాసాంత్వనము రాసింది. అందులో రాధ తానే పెంచిన ఇళను కృష్ణునికి ఇచ్చి పెళ్లి చేస్తుంది. తరువాత తట్టుకోలేకపోతుంది. మేలు చేసినది తానే, ఓర్వలేకపోతున్నదీ తానే. ప్రేమ, ఈర్ష్య, అభిమానం ఒక్క గుండెలో కొట్టుకొంటాయి. కృష్ణుడు దిగివచ్చి ఆమెను ఊరడించడమే కావ్యం పేరు. ఇందులోని శృంగారాన్ని తీసివేస్తే రాధ మనసే పోతుంది. ఉతావరెరుమోనోకు చెప్పిన కొలత దీనికి సరిపోదు. ఏది అంటించినదో ఏది అల్లుకొన్నదో రాసేవారు ముందుగా తేల్చుకోవాలి.

1887లో అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలను విడిచిపెట్టారు, కవయిత్రి తన అవ్వను, మేనత్తను తలచుకొని తన గురించి చెప్పుకొన్న భాగాన్నీ విడిచిపెట్టారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్ర కవుల చరిత్రములో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకొంటూనే కావ్యం స్త్రీల నోట రాకూడనిదన్నారు. అప్పుడు లేచింది బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో నంజనగూడులో పుట్టి, ఈ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకొన్న విదుషీమణి. పూర్తి ప్రతిని సంపాదించి 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు అక్కరలేదా అని పంతులుగారినే నిలదీసింది. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకం మీద చర్య తీసుకొన్నది. నిషేధం 1947లో గాని తొలగలేదు. 1952లో మళ్లీ అచ్చయింది. ఆ ఏడే నాగరత్నమ్మ కన్నుమూసింది. కన్నడ సీమలో పుట్టిన ఒక స్త్రీ ఒక తెలుగు కావ్యం కోసం ఇంత పడింది. మన ఇళ్లలో ఆ పుస్తకం ఎందరి దగ్గర ఉంది?

అందరి చేతికీ అన్నీ ఇమ్మని నేను అనడం లేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు ఈ ఆటలు వద్దు. తలిదండ్రులు గట్టిగా ఉండవలసిందే. కంప్యూటరులో అశ్లీలం ప్రచురిస్తే 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షను శిక్షిస్తుంది. రాసేవారు అది తెలుసుకొని కలం పట్టాలి. ఆ హద్దుకు ఇవతల చాలా చోటు ఉంది. విడాకులు తీసుకొన్న నలభై ఏళ్ల స్త్రీ మళ్లీ ఒకరిని ఇష్టపడటం, పక్క రాష్ట్రంలో కొలువు చేసే భర్తకు చెప్పలేని మాట, కులం అడ్డు వచ్చి విడిపోయినవారు పదిహేనేళ్లకు హోసూరు బస్టాండులో ఎదురుపడటం - ఇవన్నీ పెద్దల కథలే.

ఇద్దరు యువ మిత్రులతో కలిసి ఇటువంటిదొకటి మొదలుపెట్టాము. మూడు సంభాషణలు, ఏడు దారులు మాత్రమే పూర్తయ్యాయి. అందులో అత్తగారి మాటలు నాకు సరిగా కుదరలేదు. కృష్ణగిరి వైపు అమ్మలెవరైనా సభ ముగిశాక కాసేపు ఉండి, చదివి, మీ ఇంట ఎట్లా అంటారో చెబితే అక్కడికక్కడే మార్చుకొంటాము. దాచవలసినది అందులో ఏదీ లేదు.