పేరులేని వార్త
(పఠనమందిరమున జేసిన ప్రసంగము)



తాటాకుపై గంటముతో వ్రాసిన దినములలో ఒక్కొక్క ప్రతికిని లేఖకుడు మరల మొదటినుండి శ్రమింపవలసియుండెను. సీసపుటక్షరములు ఆ శ్రమను తీర్చెను. 1829లో బ్రౌనుదొర వేమన పద్యముల నచ్చొత్తించెను. విద్య కొందరి పెట్టెలను వీడి పదుగురి చేతులకు వచ్చెను.

అచ్చుబలము నెరిగిన దొరతనమువారు 1867లో ప్రతి పుస్తకముపై ముద్రాపకుని పేరుండవలెనని శాసించిరి. 1910లో ముద్రాలయములనుండి 500 మొదలు 2,000 రూపాయలవరకు ధరావతు గోరు చట్టము చేసిరి. ధరావతు పత్రికల గొంతు నులిమెను. పేరు నియమము మాత్రము న్యాయమే. వ్రాతకు జవాబుదారి యుండవలదా?

నేడు ప్రతివాని చేతి ఫోనును ఒక అచ్చుకూటమే. ధరావతు లేదు, చిత్తు దిద్దువాడును లేడు, తరచు పేరును లేదు. పేరు చెప్పని సాక్షిని న్యాయస్థానము బోనెక్కింపదు. పేరులేని వార్తను మనమేల నమ్మవలెను? ఏల పదుగురికి పంపవలెను?