చెవితో చూచిన చిత్రం

హైదరాబాదులో దారి చెప్పవలసి వచ్చినప్పుడు పాత కాపురస్థులు వీధి పేరు చెప్పరు. ఏదో ఒక సినిమాహాలు పేరు చెప్పుతారు. ఫలానా టాకీసు ఎదురుసందు అంటే చాలు, ఆటో నడిపేవాడు మారుమాట్లాడడు. హాలు నేలమట్టమై ఏళ్ళు గడచినా ఆ పేరు మాత్రం చెల్లుబడి అవుతూనే ఉంటుంది. ఈ సంగతి 2022లో ఒకనాడు నాకు కొంచెం కష్టంగానే అనుభవంలోకి వచ్చినది.

1999లో నేను ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతూ విద్యానగరులో ఒక గదిలో ఉండేవాణ్ణి. ఆదివారం వచ్చినదంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు నడక. దేవి, సుదర్శన్, సంధ్య, ఓడియన్ - అన్నీ కూతవేటు దూరంలోనే. ఒకచోట టిక్కెట్లు అయిపోతే రెండవచోట, అక్కడా దొరకకపోతే మూడవచోట. చూడబోయే చిత్రం ఏదన్నది చిట్టచివర తేలే విషయం.

ఆ యేడు మా నాన్నగారు కంటివైద్యానికని నరసరావుపేట నుండి వచ్చినారు. నీటికాసులు. అప్పటికే వెలుగూ చీకటీ తెలియడం తప్ప ఆ కళ్ళలో మరేమీ మిగలలేదు. ఇక చేయగలిగినది లేదని వైద్యులు చెప్పివేసినారు. రాత్రి బస్సు దాకా పొద్దు ఎట్లా గడపడమా అని నేను తటపటాయిస్తూ ఉంటే, "సినిమాకు పోదాం పదరా" అన్నారు ఆయనే. నేను నిర్ఘాంతపోయినాను.

"రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రాలు వినడం లేదూ? ఇదీ అంతే" అన్నారు.

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు బొమ్మకు మాట వచ్చినది గనుక సరిపోయినది గాని, లేకుంటే ఆయన వంటివారి గతి ఏమయ్యేదో!

సుదర్శన్ 70 ఎం.ఎం.లో బాల్కనీ. తెరమీద మాటలు సాగుతున్నంతసేపు ఆయనకు నా అవసరం లేకపోయినది. గొంతు వినగానే ఆ పాత్ర మంచిదో కాదో తేల్చివేస్తున్నారు. చిక్కంతా మాటలు లేనిచోటనే. నేను చెవి దగ్గర నోరుపెట్టి చీర రంగూ, గోడమీది పటమూ మొదలుకొని సమస్తమూ వర్ణించబోయినాను. నాన్నగారు మోచేత్తో ఒక్క పోటు పొడిచి, "అంత వద్దురా. ఏం జరిగిందో చెప్పు, చాలు" అన్నారు. అప్పటినుంచి "తలుపు తీసింది. ఎవరూ లేరు. కింద ఉత్తరం ఉంది" - ఇంతే. ముందు వరుసలోని ఆసామి ఒకసారి వెనుదిరిగి విసుక్కున్నాడు. తరువాత సంగతి గ్రహించినాడు కాబోలు, విరామంలో కాగితపు పొట్లంలో సమోసాలు తెచ్చి మా చేతిలో పెట్టినాడు.

వెయ్యి అడుగుల ఫిలిం పదకొండు నిమిషాలు ఆడుతుంది. రెండు రీళ్ళు కలిపి ఒక చుట్టగా వేసినా, ఇరవై రెండు నిమిషాలకు ఒకమారు మొదటి యంత్రం ఆగి రెండవది అందుకోవాలి. ఆ క్షణంలో ధ్వనిలో వచ్చే సన్నని తేడా నాకు తెలిసేది కాదు. నాన్నగారు మాత్రం ప్రతిసారీ "రీలు మారింది" అనేవారు.

తరువాత నేను ఈ రేడియో ఉద్యోగంలో చేరినాను. ప్రసంగమూ, వ్యాఖ్యానమూ ఎట్లా ఉండాలో నేర్పే శిక్షణ తరగతులు చాలా చూచినాను. ఆ మోచేతిపోటు అంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు.

2022లో ఒక పెండ్లికని ఇద్దరమూ మళ్ళీ హైదరాబాదు వచ్చినాము. "ఆ హాలుకే పోదాం" అన్నారు. ఆ హాలు లేదని నాకు తెలుసు. నోరు రాలేదు. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర మెట్రో ఎక్కినాము. అక్కడికి నాలుగవ స్టేషను. ఈ మార్గం 2020 ఫిబ్రవరిలో మొదలైనది. చల్లని పెట్టెలో మూడు భాషలలో ప్రకటనలు వింటూ నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. "ఊరు కిందికి దిగిపోయిందేమిటిరా?" అన్నారు చివరకు. నిజమే, హారన్లూ, కేకలూ ఎక్కడో అడుగున ఉన్నవి.

మెట్లు దిగి రోడ్డు పక్కన నిలుచున్నాము. "వచ్చామా?" అన్నారు.

మైకు ముందర ఇన్నేళ్ళు మాట్లాడినవాణ్ణి, అక్కడ తడబడినాను. "జనం బాగానే ఉన్నారు నాన్నా, అటువైపు పెద్ద పెద్ద బోర్డులు..." అని ఇరుగుపొరుగు హాళ్ళ సొమ్ముతో ఏదో అల్లబోయినాను. ఆయన చేయి పైకెత్తినారు.

"సమోసాల వాసన లేదు. టిక్కెట్ల దగ్గర తోపులాట లేదు. ఏం జరిగిందో చెప్పు."

"పడగొట్టేశారు నాన్నా. చాలా ఏళ్ళయింది."

కాసేపు కర్రతో నేలమీద తట్టుతూ ఊరుకున్నారు. "మరి ఇందాకే చెప్పవేం? పక్కదానికి పద" అన్నారు.

దేవిలో కూర్చున్నాము. గంట గడచిన తరువాత నావైపు ఒరిగి, "రీలు మారదేమిటిరా?" అన్నారు. ఇప్పుడు రీళ్ళు లేవనీ, బొమ్మ అంతా కంప్యూటరు నుండే వస్తుందనీ చెప్పినాను.

"అయితే ఆపరేటరు ఏం చేస్తున్నాడు?"

నేను జవాబు వెతుక్కుంటున్నాను. ఇంతలో తెరమీద మాటలు ఆగిపోయినవి. నాయిక ఏదో తలుపు తీస్తున్నది. ముందు ఆ సంగతి చెప్పవలసి వచ్చినది.